కవర్ ఏమన్నా ఇమ్మంటారా?

నెల్లూరులో ఏ అంగడికి పోయినా మర్యాదకి లోటుండదు. పావుకిలో చింతపండు కొంటే ఒక కవర్లో పోసి, అది చిరుగుద్దేమోనని ఇంకో కవర్లో పెట్టి, రెండూ కలిసి జారతాయేమోనని మూడోదాంట్లో వేసి చేతికిస్తారు. వద్దన్నామా, చుట్టాలింటికి పోయి మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచొచ్చినట్టు మొహం చిన్నబుచ్చుకుంటారు.

మా అమ్మాయి బుజ్జి రెండో తరగతికి వచ్చాక ఈ మర్యాదకీ మా ఇంటికీ పడకుండా పోయింది. బళ్ళో ప్లాస్టిక్ మీద ఏదో చెప్పారు. బుజ్జి దాన్ని అక్షరాలా నమ్మింది. వాళ్ళ నాన్న ఇంకాస్త ఎక్కువ నమ్మి, రాత్రంతా ఫోన్లో రూల్స్ చదివాడు. 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల జాబితాని పొద్దున్నే కాఫీతో పాటు నాకు వినిపించాడు. బెలూన్ పుల్ల, ఐస్‌క్రీం పుల్ల, క్యాండీ పుల్ల, స్ట్రా, చెంచా, గ్లాసు, ప్లేటు, స్వీటు పెట్టె మీద చుట్టే పల్చటి కాయితం. వింటుంటే నాకో అనుమానమొచ్చింది. ఇది ఢిల్లీలో ఏసీ గదిలో కూర్చుని రాసింది కాదు. ఆదివారం సాయంత్రం ఇద్దరు పిల్లల్ని బయట తిప్పి ఇంటికొచ్చిన తండ్రెవరో చెప్పులైనా విప్పకుండా కోపంగా రాసుంటాడు.

చేతి సంచీ కవర్లయితే 120 మైక్రాన్ల మందం ఉండాలట, 2022 డిసెంబరు 31 నుంచి. అది చదివినప్పట్నుంచీ మా ఆయన కనపడ్డ కవరునల్లా రెండు వేళ్ళ మధ్య నలిపి "ఇది యాభై కూడా ఉండదు" అని తేల్చేస్తున్నాడు. కొలిచే మిషను ఆయన దగ్గరుందని అంగళ్ళవాళ్ళు అనుకుంటున్నారు.

శత్రుపక్షం ఇంట్లోనే ఉంది. మా అత్త జీవితంలో ఒక్క కవరూ పారేయలేదు. పాల ప్యాకెట్ కూడా కడిగి, ఆరబెట్టి, మడిచి, వంటగది తలుపు వెనక వేలాడే పెద్ద కవర్లో దాస్తుంది. నన్నడిగితే మా ఇంట్లో అసలైన రీసైక్లింగ్ ఆవిడదే. బుజ్జి ఒప్పుకోదు.

మొన్న ఆదివారం దర్గామిట్ట వైపు స్వర్ణాల చెరువు గట్టుకి పోయి, పిల్లల్ని కాసేపు ఆడించి, హోటల్లో భోంచేసి రావాలని తీర్మానం. ప్లాస్టిక్ లేకుండా. అంటే స్టీలు సీసాలు, స్టీలు గ్లాసులు, చెంచాలు, టిష్యూ బదులు పాత పంచె చింపిన గుడ్డలు, పార్శిల్ కోసం మూత డబ్బా, ఇవన్నీ మోయడానికి రెండు గుడ్డసంచులు. కాశీకి పోయేవాళ్ళు కూడా ఇంతకంటే తక్కువే సర్దుకుంటారు. పర్యావరణాన్ని కాపాడాక ఇంటికొచ్చి ఆ గిన్నెలన్నీ తోమేది ఎవరో ఇక్కడ రాయక్కర్లేదు.

గడప దగ్గర బుజ్జి అందరినీ తనిఖీ చేసింది. "నాయనమ్మా, నీ దగ్గర కవర్లున్నాయా?"

"నా దగ్గరేముంటాయి తల్లీ" అంది మా అత్త. రొంటి దగ్గర కాస్త లావుగా కనపడింది. పొద్దున కారం దోసెలు గట్టిగానే తిన్నదిలే అనుకున్నా.

చెరువు గట్టున గాలి బాగుంది. ఎదురుగా బారాషహీద్ దర్గా. మొహర్రం రోజుల్లో రొట్టెల పండక్కి లక్షల మంది వచ్చి, ఈ నీళ్ళల్లో నిలబడే కోరికని బట్టి రొట్టె మార్చుకుంటారు. ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, అన్నీ ఉంటాయి. "కవర్ల మీద పంతం మానే రొట్టె కూడా ఉంటే ముందు మీ నాయనకి, నీకూ చెరొకటి పట్టిస్తా, ఈ గోల వదులుద్ది" అంది మా అత్త.

ముందు పీచుమిఠాయి వచ్చింది. అది వచ్చేదే కవర్లో. బుజ్జి కుదరదంది. "కవర్ తీస్తే ఉండదు పాపా, నీళ్ళయిపోద్ది" అని అమ్మేవాడు నెత్తీనోరూ బాదుకున్నాడు. మా ఆయన పెద్దమనిషి తరహాలో "ఫరవాలేదు తమ్ముడూ, గ్లాసులో వెయ్యి" అన్నాడు. చెరువు మీది తేమగాలికి, చూస్తుండగానే, బుడ్డోడి తలకాయంత మిఠాయి కాస్తా గ్లాసు అడుగున గులాబీ రంగు ముద్దయింది. మావాడికి మూడేళ్ళు. గ్లాసులోకి చూశాడు, మమ్మల్ని చూశాడు, చెరువు అవతలి గట్టుకి వినపడేలా ఏడ్చాడు. అమ్మినతను జాలిపడి ఇంకోటిచ్చాడు. కవర్లో.

ఏడుపు మాన్పించడానికి కొబ్బరి బోండాం. ఈసారి కాయితం స్ట్రా దొరికింది, మా ఆయన ఆనందం చూడాలి. మావాడు సగం నీళ్ళు తాగేలోపు స్ట్రా నాని మెత్తబడింది. మిగతా సగం తాగకుండా స్ట్రానే తినేశాడు. "ఇంకోటి" అన్నాడు. బోండాలామె భయపడిపోయి, బండి కిందెక్కడో దాచిన పాత ప్లాస్టిక్ స్ట్రా తీసింది. "పిల్లోడికి కాయితం పెడతారా ఎవరన్నా?" అని నన్నే కోప్పడింది. ఆమె తప్పేముంది? పిల్లలు ఆకలి మీదున్నారనుకుని ఉంటుంది.

హోటల్లో కూర్చోగానే నీళ్ళ సీసాలు మనిషికొకటి తెచ్చి పెట్టారు. మాకొద్దు, మా నీళ్ళున్నాయని మా ఆయన అనేలోపే ఆ తమ్ముడు గౌరవంగా నాలుగింటి మూతలూ తిప్పేశాడు. తర్వాత ఆకులు వేశాడు. పచ్చగా, ఈనెలతో సహా ఉన్నాయి. "చూశావా బుజ్జీ, అరిటాకు! మన పెద్దవాళ్ళు ఎంత తెలివైనవాళ్ళో" అని మా ఆయన మొదలుపెట్టాడు. బుజ్జి గోటితో మూల గీకింది. పల్చటి పొర ఊడొచ్చింది. అది అరిటాకు కాదు, అరిటాకు బొమ్మ అచ్చేసిన అట్ట. పైన తడవకుండా ప్లాస్టిక్ పూత. ప్రసంగం ఆగిపోయింది. ఆకలి మాత్రం ఆగదు కదా, అందరం తిన్నాం. చేపల పులుసు అద్భుతం. మామిడికాయ ముక్కలు పులుసు పీల్చుకుని మెత్తగా ఉడికాయి.

అక్కడితో లేచొచ్చుంటే బాగుండేది. అయితే నెల్లూరు చేపల పులుసు అసలు రుచి మర్నాడే. ముక్కకి ఉప్పూ పులుపూ పట్టాలంటే ఒక రాత్రి గడవాలి. అందుకని పార్శిల్ చెప్పి, మా డబ్బా ఇచ్చాం. కౌంటర్ దగ్గరి అబ్బాయి "భలే అక్కా, అందరూ ఇట్టా తెచ్చుకుంటే ఎంత బాగుండు" అని మెచ్చుకున్నాడు. మా ఆయన ఛాతీ రెండంగుళాలు పొంగింది. డబ్బా తిరిగొచ్చింది. బుజ్జి మూత తీసి చూసింది. లోపల పులుసు, పొగలు కక్కుతూ, కవర్లో కట్టి ఉంది.

"కారకుండా అక్కా!" అన్నాడా అబ్బాయి. ఆ మొహంలో ఎంత శ్రద్ధో.

మా ఆయన పట్టు విడవలేదు. కవర్ తీసేసి నేరుగా డబ్బాలో పోయమన్నాడు. అబ్బాయి బాధగానే ముడి విప్పి, పులుసంతా డబ్బాలోకి వంచి, ఖాళీ కవర్ని చెత్తబుట్టలో పడేశాడు. "ఇప్పుడు సరేనా అన్నా?" ఆ కవర్ పుట్టాక పనిచేసింది ఒక్క నిమిషం. బుజ్జి చెత్తబుట్ట వంకే చూస్తూ నిలబడింది. వాళ్ళ నాన్న దానికి వివరించబోయి మానుకున్నాడు.

ఆటో ఎక్కాం. వేదాయపాళెం దాకా కులాసాగా పోవాల్సిన దారి. డబ్బా మా ఆయన ఒళ్ళో. సలసల కాగే పులుసు మీద బిగించిన మూత ఎంతసేపుంటుంది? లోపలి ఆవిరి దాన్ని మెల్లగా పైకి నెడుతూనే ఉంది. స్పీడ్ బ్రేకర్ రాగానే మూత ఎగిరింది. ముందు గుడ్డసంచి తాగగలిగినంత తాగింది. తర్వాత మా ఆయన ప్యాంటు తాగింది. మిగిలింది సీటు మీద కాలువ కట్టి మా అత్త వైపు బయల్దేరింది. "నాన్న మీద చేప!" అని మావాడు చప్పట్లు కొట్టాడు. ఆ రోజంతటిలో వాడు మనసారా నవ్వింది అప్పుడే.

మా అత్త ఏమీ మాట్లాడలేదు. రొంటిలో చెయ్యి పెట్టి ఒక ఉండ తీసింది. విప్పితే కవర్లు. తీసేకొద్దీ వస్తున్నాయి. ఒకటి డబ్బాకి, ఒకటి సంచికి, ఒకటి కొడుకు కిందికి, ఒకటి మనవడి ఒళ్ళోకి. చకచకా వేసేసింది.

"నాయనమ్మా! నువ్వు అబద్ధం చెప్పావు!"

"అబద్ధం కాదమ్మా, జాగ్రత్త. ఇంద, ఇది నీ కాళ్ళ కింద వేసుకో, కొత్త గౌను."

బుజ్జి తీసుకోలేదు. గౌను వంక చూసుకుని, కాసేపాగి తీసుకుంది.

ఆటో అతను బండి పక్కకాపి వెనక్కి తిరిగాడు. తిడతాడని నేను ముందే క్షమాపణ మొదలుపెట్టా. అతను నవ్వి, పాత గుడ్డతో సీటు ఒక్క తుడుపు తుడిచాడు. అంతే, శుభ్రం. బుజ్జికి వెంటనే అనుమానమొచ్చింది. సీటు వేలితో నొక్కి చూసి "అంకుల్, ఇది కూడా ప్లాస్టిక్కేనా?" అంది.

"రెగ్జిను పాపా. ప్లాస్టిక్కే అనుకో" అన్నాడతను, గుడ్డ పిండుకుంటూ. "గుడ్డ సీటయ్యుంటే, ఈ పాటికి మీ నాయన చేత కొత్త సీటు కుట్టించుకునేవాణ్ణి."