క్లోజప్‌లో దొరికిపోయిన హైడ్

న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో ఆడిన ‘జెకిల్ అండ్ హైడ్’ సంగీత నాటకాన్ని ఈ రోజు చూడాలనుకునేవాళ్లకు చేతికందేది 2001లో వచ్చిన వీడియో. అందులో నాయకుడు డేవిడ్ హాసెల్‌హాఫ్. ‘నైట్ రైడర్’, ‘బేవాచ్’ సీరియళ్లతో ప్రపంచమంతా తెలిసిన ముఖం. ఇంటర్నెట్‌లో ఈ వీడియో ముక్కలు ఎక్కువగా తిరిగేది నవ్వుకోవడానికే. ఆ నవ్వుల్లో సగమే హాసెల్‌హాఫ్‌కు చెందుతాయని నా అభిప్రాయం. మిగతా సగం కథను మార్చినవాళ్లూ, కెమెరాను అంత దగ్గరగా పెట్టినవాళ్లూ పంచుకోవాలి.

ఈ నాటకానికి మూలమైన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ చిన్న నవల 1886లో వచ్చింది. పెద్దమనిషి అనిపించుకున్న డాక్టర్ జెకిల్ తాను తయారుచేసిన మందు తాగి హైడ్ అనే దుర్మార్గుడిగా మారే కథ ఇది. కథను మనం అటర్‌సన్ అనే లాయరు వెంట నడుస్తూ తెలుసుకుంటాం. జెకిల్, హైడ్ ఒక్కరేనన్న సంగతి దాదాపు చివరి వరకూ బయటపడదు. ఒక డాక్టరు రాసి పెట్టిన కాగితం, ఆ తర్వాత జెకిల్ స్వయంగా రాసుకున్న వాంగ్మూలం దాన్ని విప్పుతాయి. అంతకన్నా గడుసుదనం హైడ్ రూపం విషయంలో ఉంది. అతన్ని చూసినవాళ్లందరికీ ఒళ్లు జలదరిస్తుంది, కానీ ఎలా ఉన్నాడో చెప్పమంటే ఎవరికీ మాట రాదు. ఏదో వికారం ఉంది, అది ఎక్కడుందో తెలియదు. ఇంకో సంగతి: హైడ్ జెకిల్ కంటే పొట్టివాడు, జెకిల్ బట్టలు అతని ఒంటిమీద వేలాడతాయి. ఆరడుగులు దాటిన హాసెల్‌హాఫ్ జుట్టు విరబోసుకుని వేదికను ఊపేస్తుంటే ఇది గుర్తొచ్చి కాస్త నవ్వొస్తుంది. అయితే హైడ్‌ను భారీగా చూపే అలవాటు అతనితో మొదలైంది కాదు.

నవల వచ్చిన మరుసటి ఏడాదే, 1887లో, థామస్ రసెల్ సలివాన్ రాసిన నాటకంలో రిచర్డ్ మాన్స్‌ఫీల్డ్ బోస్టన్‌లో ఈ రెండు పాత్రలూ వేశాడు. నవలలో లేని కాబోయే భార్య జెకిల్‌కు దొరికింది ఆ నాటకంలోనే. ప్రేక్షకుల కళ్లెదుటే, దీపాల వెలుగు మార్పుతో, ఒళ్లు వంచి, గొంతు మార్చి మాన్స్‌ఫీల్డ్ హైడ్ అయ్యేవాడు. 1888లో లండన్ లైసియం థియేటర్‌కు ఆ నాటకం వెళ్లిన రోజుల్లోనే జాక్ ద రిప్పర్ పేరుతో ప్రసిద్ధమైన వైట్‌చాపెల్ హత్యలు జరిగాయి; మాన్స్‌ఫీల్డే హంతకుడేమోనని పోలీసులకు ఉత్తరం రాసినవాళ్లు కూడా ఉన్నారు. తర్వాత సినిమాలు రెండో స్త్రీని, అంటే పానశాలల్లో కనిపించే పేద యువతిని తెచ్చాయి. ఫ్రాంక్ వైల్డ్‌హార్న్ స్వరాలు, లెస్లీ బ్రికస్ మాటలతో తయారైన మ్యూజికల్‌లోని ఎమా, లూసీ ఈ దారిలో వచ్చినవాళ్లే. స్టీవెన్‌సన్‌కు ఇది మనవడి వరస అవుతుంది గానీ కొడుకు కాదు. కాబట్టి ‘నవలకు న్యాయం చేశారా’ అన్న ప్రశ్నతో ఈ వీడియోను కొలవడం అనవసరం. నవలలోని రహస్యాన్ని వదులుకున్నాక దాని స్థానంలో ఏం పెట్టారన్నదే అడగాలి.

వాళ్లు పెట్టింది ఒక నటుడి శరీరాన్ని. రహస్యం ముందే తెలిసిపోయింది కనుక కథ భయమంతా ఆ ఒక్కడి ఆంగికం, వాచికం మీదే పడింది. దానికి పరాకాష్ఠ ‘కన్‌ఫ్రంటేషన్’ పాట. ఒకే నటుడు జెకిల్‌గా ఒక చరణం, హైడ్‌గా మరో చరణం పాడుతూ తనతో తానే పోట్లాడతాడు. జుట్టు ఇటు విసిరితే ఒకడు, అటు విసిరితే ఇంకొకడు. దానితోపాటే వెలుగు మారుతుంది, గొంతు గరగరలాడుతుంది. ఈ నాటకం ఆడిన, వెయ్యికి పైగా సీట్లున్న ప్లిమత్ థియేటర్‌లో బాల్కనీ చివరి వరుస నుంచి చూస్తే ఇదంతా అవసరమే. అంత దూరానికి కనుబొమ్మ కదలిక చేరదు, మెడ విసురు చేరుతుంది. కానీ కెమెరా వెళ్లి ముఖం మీద వాలింది. వెనక వరుస కోసం చేసిన సైగ మూడడుగుల దూరంలో పిచ్చి చేష్టలా కనిపిస్తుంది. ‘అపరిచితుడు’లో ప్రకాష్‌రాజ్ ఎదుట విక్రమ్ క్షణానికో మనిషిగా మారే సన్నివేశం మనలో చాలామందికి గుర్తుంటుంది. అందులోనూ జుట్టు ఉంది, గొంతు ఉంది, అతి కూడా ఉంది. అయితే ఆ అతిని లెన్సు కొలతకు కుట్టారు. ఇక్కడ రంగస్థలానికి కుట్టిన చొక్కానే కెమెరా ముందు తొడిగారు.

హాసెల్‌హాఫ్ లోపాలు లేవనడం లేదు. ‘దిస్ ఈజ్ ద మూమెంట్’ పాటలో పై స్థాయికి చేరేటప్పుడు అతను పడే శ్రమ వినిపిస్తుంది. హైడ్‌గా మారాక క్రౌర్యం కంటే ఉత్సాహం ఎక్కువ. కానీ అతను అక్కడికి ఎలా వచ్చాడో చూడండి. నాటకం 1997 ఏప్రిల్ నుంచి 2001 జనవరి వరకు 1,543 ప్రదర్శనలు ఆడింది, అయినా పెట్టిన డబ్బు మొత్తం వెనక్కి రాలేదు. చివరి ఏడాది టికెట్ల కోసం పేరున్న ముఖాలను తెచ్చారు: ముందు రాక్ గాయకుడు సెబాస్టియన్ బాక్, తర్వాత ఇతను. చిత్రీకరణ సరిగ్గా అప్పుడే జరిగింది. బ్రాడ్‌వేలో తొలి హైడ్ రాబర్ట్ కుచియోలికి ఈ పాత్రకు అమెరికా రంగస్థల పురస్కారమైన టోనీ నామినేషన్ వచ్చింది. మనకు మిగిలిన అతని హైడ్ మాత్రం నాటకం పాటల ఆల్బమ్‌లోని గొంతే.

ఇదే వీడియోలో లూసీగా వేసిన కోలీన్ సెక్స్‌టన్ చక్కగా నిలబడింది. ఆమె పాటల్లో మనిషి మారిపోయే పని లేదు, ఒకే ఆశను పట్టుకుని మెల్లగా పైకి తీసుకెళ్లాలి. అలాంటి చోట క్లోజప్ నటికి అండగా నిలుస్తుంది.

పోలికకు ‘ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ను తీసుకుందాం. గస్టన్ లెరూ నవల 1910లో పుస్తకంగా వచ్చింది; ఆండ్రూ లాయిడ్ వెబర్ మ్యూజికల్ పాతికేళ్ల వేడుకను 2011 అక్టోబరులో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో చిత్రీకరించారు. 2020 లాక్‌డౌన్‌లో ఆ వీడియోను కొద్ది రోజులు యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టారు. అందులో షాండ్లియర్ (పైకప్పు నుంచి వేలాడే పెద్ద దీపాల గుత్తి) కింద పడదు, నిప్పురవ్వలు చిమ్మి ఊరుకుంటుంది. ఈ నాటకమంటే ముందుగా గుర్తొచ్చేది ఆ పతనమే కనుక అది పెద్ద లోటే. అయినా ఆ వీడియో గెలుస్తుంది, ముఖ్యంగా చివరి ఘట్టంలో. ముసుగు మనిషి ఫాంటమ్‌గా వేసిన రామిన్ కరీమ్‌లూ ముఖంలో ఓటమి ఎలా దిగుతుందో ఆ హాలులో పై వరుసల్లో కూర్చున్నవాళ్లకు కనిపించి ఉండదు, మనకు కనిపిస్తుంది. కారణం ముసుగు. రెండు గంటలకు పైగా సగం ముఖాన్ని దాచిపెట్టి కెమెరాను ఎదురుచూసేలా చేసింది. స్టీవెన్‌సన్ హైడ్‌ను వర్ణించకుండా సాధించిన పని కూడా ఇదే. మ్యూజికల్ హైడ్ దగ్గర దాచడానికి ఏమీ మిగల్లేదు, అందుకే దగ్గరికి వెళ్లినకొద్దీ చిన్నబోతాడు.

న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 1970 నుంచి రంగస్థల ప్రదర్శనలను రికార్డు చేసి భద్రపరుస్తోంది. కానీ వాటిని అక్కడికే వెళ్లి, పరిశోధన కోసమో వృత్తి అవసరం కోసమో అనుమతి తీసుకుని చూడాలి. మిగతా ప్రపంచానికి మార్కెట్లోకి వచ్చిన వీడియోనే నాటకం. ఆ వీడియోను చిత్రించిన వారంలో ఎవరు పాత్ర వేస్తే వాళ్లే చరిత్రకు మిగులుతారు. అందుకని ‘జెకిల్ అండ్ హైడ్’ మీద తీర్పు చెప్పదలచినవాళ్లు 1997 ఆల్బమ్‌లో కుచియోలి పాడిన ‘కన్‌ఫ్రంటేషన్’ను ముందు చీకట్లో వినాలి. పాట బలహీనమైనదా, నటుడా, కెమెరానా అన్న లెక్క అప్పుడే తేలుతుంది. నా లెక్కలో పాటకు మార్కులు పోవు, నటుడికి కొన్ని పోతాయి, కెమెరాకు అన్నిటికంటే ఎక్కువ పోతాయి.