మాత్రలు ఎందుకు పారేశాడో అడిగారా?

స్కిజోఫ్రేనియా (లేని మాటలు వినిపించి, లేనిపోని అనుమానాలు పట్టే మానసిక జబ్బు) ఉన్నవాళ్లు ఓపీకి వస్తే అడిగేవి నాలుగే. నిద్ర పడుతోందా, తింటున్నాడా, మాటలు ఇంకా వినిపిస్తున్నాయా, మాత్రలు వేసుకుంటున్నాడా. జవాబు చెప్పేది కూడా పక్కన నిలబడ్డ అమ్మే. ఆర్నెల్లకు మాత్రలు కిటికీలోంచి పారేస్తున్నాడని బయటపడుతుంది. ఇంట్లోవాళ్లు చారులో కలపడం మొదలుపెడతారు. ఎందుకు పారేశాడని మాత్రం ఎవరూ అడగరు. అంగం గట్టిపడటం లేదని అమ్మ ముందు ఏ కొడుకు చెబుతాడు?

అది అతని భ్రమ కాదు, మందు చేసే పనే. మెదడులోని డోపమైన్ అనే రసాయనం, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిని పట్టి ఉంచి ప్రొలాక్టిన్‌ను (పాలు పట్టించే హార్మోన్‌ను) పెరగనివ్వదు. ఈ జబ్బుకు ఇచ్చే రిస్పెరిడోన్, పాలిపెరిడోన్, ఆమిసల్‌ప్రైడ్, హాలోపెరిడాల్ ఆ పట్టు వదిలిస్తాయి. ప్రొలాక్టిన్ పెరిగితే కోరిక చస్తుంది, మగవాళ్లలో స్తంభన తగ్గుతుంది, ఆడవాళ్లకు నెలసరి తప్పుతుంది, కాన్పు లేకుండానే పాలు పడతాయి. ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే ఎముకలు గుల్లబారతాయి. ఇదే జబ్బుకు వాడే అరిపిప్రజోల్, క్వెటియాపిన్, క్లోజాపిన్‌తో ఈ బెడద బాగా తక్కువ.

నేరమంతా మందు మీదే వేయలేం. జబ్బు కూడా కోరికను చంపుతుంది. షుగరు, తాగుడు, డిప్రెషన్ మాత్రలు కూడా అంతే. అందుకే మందు మొదలుపెట్టే రోజే పరిస్థితి రాసిపెట్టాలి. లైంగిక ఇబ్బందిని కొలిచే అరిజోనా స్కేలులో ఉన్నవి ఐదే ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 6 మార్కులు. మొత్తం 19 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చిందంటే సమస్య ఉన్నట్టే.

ప్రొలాక్టిన్ పరీక్షకు నిద్రలేచిన గంట తర్వాత, ఆ రోజు మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. సూది భయానికి కూడా అది పెరుగుతుంది కాబట్టి, కొద్దిగా ఎక్కువ వస్తే మళ్లీ చేయించాలి. మిల్లీలీటరుకు 150 నానోగ్రాములు దాటితే మందుదే అని వదిలేయకుండా పిట్యూటరీలో గడ్డ ఉందేమో చూడాలి.

ఆ తర్వాత దారులున్నాయి. డోసు మెల్లగా తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు, ఉన్న మందుకు అరిపిప్రజోల్ 5 మి.గ్రా. కలపవచ్చు (ఆమిసల్‌ప్రైడ్‌తో ఇది అంతగా పనిచేయదు). స్తంభన ఒక్కటే సమస్యయితే సిల్డెనాఫిల్ (వయాగ్రా) ఉంది. గుండెనొప్పికి నైట్రేట్లు వాడేవాళ్లు మాత్రం దాన్ని ముట్టుకోకూడదు. ఇవన్నీ డాక్టరు చేతుల మీదుగానే జరగాలి. సొంతంగా మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, క్లోజాపిన్ ఒక్కసారిగా ఆపడం మరీ ప్రమాదం. నెలనెలా ఇంజెక్షన్ తీసుకునేవాళ్లకు మందు ఒంట్లోంచి పోవడానికే నెలలు పడుతుంది, ఆ సంగతి ముందే చెప్పాలి. అరిపిప్రజోల్‌తో అరుదుగా కోరిక అదుపు తప్పుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో దీని మీద హెచ్చరిక ఇచ్చింది. ఏ మందుతోనైనా స్తంభన నాలుగు గంటలు దిగకపోతే ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సిందే.

ఆడవాళ్ల విషయంలో నిర్లక్ష్యం ఇంకా ఘోరం. నెలసరి ఆగితే "పోన్లే, బాధ తప్పింది" అనుకునే ఇళ్లున్నాయి. మందు మార్చగానే అండం విడుదల మళ్లీ మొదలవుతుంది, నెలసరి కనపడకముందే గర్భం రావచ్చు. గర్భనిరోధకం గురించి మందు మార్చే రోజే మాట్లాడాలి.

పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు అన్న సామెత మనదే. దాని మొదటి సగాన్నే పట్టుకుని, జబ్బు దాచి పెళ్లి చేస్తారు. అత్తారింట్లో మాత్ర ఎక్కడ వేసుకోవాలో తెలియక కోడలు మానేస్తుంది, కొన్ని నెలల్లో జబ్బు తిరిగొస్తుంది. ఆ తర్వాత నేరుగా విడాకుల నోటీసు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో స్కిజోఫ్రేనియా పేరుంది నిజమే, కానీ పేరు ఒక్కటే చాలదని, తీవ్రత చూడాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. మానసిక వ్యాధికి చికిత్స పేరుతో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ నిషేధించింది. ఇది ప్రతి కుటుంబానికీ తెలియాలి.

డాక్టర్లకు ఒక్క విన్నపం. ఆ అమ్మను రెండు నిమిషాలు బయట కూర్చోమనండి. "ఈ మందుతో చాలామందికి కోరిక తగ్గుతుంది, అంగస్తంభన ఇబ్బంది వస్తుంది. మీకెలా ఉంది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి.