కిండర్ స్కౌట్‌కు కంచె వద్దు, మంచి దారి కావాలి

ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ కిండర్ స్కౌట్. ఎత్తు 636 మీటర్లే. సూదిగా నిలబడ్డ శిఖరమేమీ ఉండదు, పైనంతా నల్లటి పీట్ నేల (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న తడి మట్టి), హెదర్ పొదలు, గాలి. అయినా సామాన్యుడికి కొండల మీద నడిచే హక్కు గురించి మాట వస్తే అక్కడివాళ్లు మొదట తలుచుకునేది దీన్నే.

ఒకప్పుడు ఇది గ్రౌజ్ పక్షుల వేటకు భూస్వాములు అట్టిపెట్టుకున్న నేల. అడుగుపెడితే కాపలాదారులు తరిమేవారు. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రోత్‌మన్ అనే యువకుడి నాయకత్వంలో వందల మంది దగ్గర్లోని హేఫీల్డ్ ఊరి నుంచి బయల్దేరి, కావాలనే కొండెక్కారు. ఐదుగురికి జైలుశిక్ష పడింది. 1951లో పీక్ డిస్ట్రిక్ట్ ఆ దేశపు తొలి నేషనల్ పార్క్ అయింది. 1982లో ప్రకృతినీ పాత కట్టడాలనూ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ కిండర్‌ను కొనేసింది.

ఇంత పోరాడి తెచ్చుకున్నాక ఇప్పుడు 'దారి దిగొద్దు' అంటే కొందరికి మనసు చివుక్కుమంటుంది. కానీ ఆ నేల సంగతి వేరు. మీటరు మందం పీట్ పేరుకోవాలంటే సుమారు వెయ్యేళ్లు పడుతుంది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల పొగ తరాల తరబడి ఆమ్ల వర్షమై కురిసి, నీటిని పట్టి ఉంచే స్ఫాగ్నమ్ నాచును చంపేసింది. మంటలు, గొర్రెల మేత మిగతా పని చేశాయి. బట్టబయలైన పీట్ వానకు కోసుకుపోయి, మనిషి లోతు గండ్లు పడ్డాయి. కాబట్టి తప్పంతా నడిచేవాళ్ల మీద వేయడం అన్యాయం. అయితే గాయపడ్డ నేల మీద బూటు పడితే గాయం పెద్దదవుతుంది. దారి బురదైతే పక్కనుంచి వెళ్తాం, మర్నాడు ఆ పక్క కూడా బురదే. 1965లో మొదలైన పెన్నైన్ వే అనే సుదూర కాలిబాట పాత దారిని ఇక్కడ అందుకే మార్చాల్సి వచ్చింది.

పెన్నైన్ వే మీద చాలాచోట్ల ఇప్పుడు పెద్ద రాతి పలకలు పరిచి ఉంటాయి. మూతపడ్డ మిల్లుల్లో కార్మికులు తిరిగిన నేల నుంచి ఊడదీసినవి వాటిలో ఎన్నో! నా దృష్టిలో అసలైన రక్షణ ఇదే. టికెట్లు పెట్టి జనాన్ని తగ్గిస్తే కొండ మళ్లీ డబ్బున్నవాళ్లదే అవుతుంది. గండ్లకు రాళ్లతో అడ్డుకట్టలు వేసి నాచు నాటే పనికీ, దారుల మరమ్మతుకీ ఏటా డబ్బు కేటాయించాలి.

మాంచెస్టర్, షెఫీల్డ్‌లలో చదువుకుంటున్న మన పిల్లలకు కొండ కింది ఈడేల్ స్టేషన్ రైల్లో గంటలోపే. తప్పకుండా వెళ్లండి. బార్బెక్యూ మాత్రం ఇంట్లోనే చేసుకోండి, ఎండిన పీట్ అంటుకుంటే లోలోపలే రోజుల తరబడి కాలుతుంది.