మీ ఇంటి ఎర్త్ వైరు ఎక్కడిదాకా వెళ్తుందో ఎప్పుడైనా చూశారా?

ఇంట్లో ఎర్తింగ్ ఉందా అని ఎవర్నైనా అడగండి, "ఆ ఉంది, అన్నీ మూడు పిన్నుల సాకెట్లే కదా" అంటారు. సరే, ఆ పచ్చ వైరు బోర్డులోంచి బయల్దేరి ఎక్కడికెళ్లి ఆగుతుంది అంటే మాత్రం చాలామంది దగ్గర సమాధానం ఉండదు. నాకు అసలు కోపం ఎక్కడొస్తుందంటే, పనికొచ్చిన ఎలక్ట్రీషియన్లు కూడా కొంతమంది అది చూడకుండానే కొత్త బోర్డు బిగించేసి వెళ్లిపోతారు.

ఇళ్లల్లో మామూలుగా ఉండేవి మూడు రకాలు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర్నుంచే న్యూట్రల్ వేరుగా ఎర్త్ వేరుగా వస్తే టీఎన్-ఎస్. దారంతా రెండూ ఒకే కండక్టర్లో వచ్చి మీ మెయిన్ ఫ్యూజ్ దగ్గర విడిపోతే టీఎన్-సీ-ఎస్. సప్లై వాళ్లు ఎర్త్ ఏమీ ఇవ్వకుండా మీ ఇంటి దగ్గర పాతిన రాడ్డే దిక్కయితే అది టీటీ.

ఏదైతే ఏంటి అనేవాళ్లు ఒక్కసారి లెక్కేసి చూడండి. టీటీ ఇల్లు, 230 వోల్టులు, రాడ్ మీదుగా తిరిగెళ్లే దారి మొత్తం 20 ఓమ్‌లు అనుకుందాం. గీజర్ లోపల ఫేజ్ వైరు బాడీకి తగిలింది, పారేది 11.5 ఆంపియర్లు. 32 ఆంపియర్ల ఎంసీబీకి (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయి సప్లై ఆపే స్విచ్) అదొక మామూలు లోడ్ అంతే, పడనే పడదు, బాడీ మీద కరెంటు అలాగే ఉంటుంది, ఎవరో ఒకరు వెళ్లి చెయ్యి పెట్టేదాకా. ఆ ఎంసీబీ బీ టైప్ అయితే ఖచ్చితంగా వెంటనే పడాలంటే 160 ఆంపియర్లు పారాలి, అంటే దారి మొత్తం కలిపి 1.44 ఓమ్‌ల లోపు ఉండాలి. టీఎన్ రకాలు రెండిట్లోనూ తిరిగెళ్లే దారి రాగి, అల్యూమినియం లాంటి లోహమే కాబట్టి అంత తక్కువ రావడం మామూలే, మట్టిలో పాతిన రాడ్డుతో మాత్రం దాదాపు కుదరదు. అందుకే టీటీ ఇంట్లో ఆర్‌సీసీబీ (వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ తేడా వస్తే పడిపోయే స్విచ్) తప్పనిసరి, 30 మిల్లీ ఆంపియర్లది ఉంటే రాడ్ 200 ఓమ్‌లు చూపించినా ఒక ఆంపియర్ పైనే పారుతుంది, అది పడిపోవడానికి అంత కూడా అక్కర్లేదు. ఎర్తింగ్ రకం తెలీకుండా బోర్డులో ఏం బిగించాలో ఎలా తేలుస్తారు చెప్పండి?

గుర్తుపట్టడానికి ముందు ఆ మెయిన్ ఎర్త్ వైరు వెంబడే వెళ్లాలి. లోపలికొచ్చే సప్లై కేబుల్ మెటల్ తొడుగుకి క్లాంప్ చేసి ఉంటే బహుశా టీఎన్-ఎస్, మెయిన్ ఫ్యూజ్ దగ్గర న్యూట్రల్ బ్లాక్‌లోకి వెళ్తే టీఎన్-సీ-ఎస్, నేలలో రాడ్డుకి వెళ్తే టీటీ. అయితే రాడ్ కనపడగానే టీటీ అని రాసేయకండి, టీఎన్-సీ-ఎస్ ఇళ్లల్లో కూడా అదనంగా రాడ్ వేస్తారు. కేబుల్‌కి క్లాంప్ ఉన్నా వీధిలో ఎక్కడో రిపేర్లప్పుడు న్యూట్రల్, ఎర్త్ కలిపేసి ఉండొచ్చు. పాత ఇళ్లల్లో వైరు నీళ్ల పైపుకి కట్టి ఉంటుంది, ఆ పైపులో ఒక ముక్క ప్లాస్టిక్‌ది వేశారంటే ఎర్త్ అక్కడితో సరి. కంటికి కనపడింది సగమే అన్నమాట, మిగతా సగం సప్లై వాళ్లని అడగాలి, కరెంటు తిరిగెళ్లే దారి ఎన్ని ఓమ్‌లో చూపించే లూప్ టెస్టర్‌తో కొలిపించాలి. కొలిచేటప్పుడు మెయిన్ ఎర్త్ వైరు ఊడదీస్తారు కాబట్టి ఇల్లంతా మెయిన్ ఆఫ్‌లో ఉండాలి, ఇది తెలిసినవాళ్లు చేసే పని, సీలు వేసిన ఫ్యూజ్ డబ్బా మీరు అస్సలు ముట్టుకోకండి.

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కి "పడింది కదా, ఎర్తింగ్ బాగుంది" అనడం కూడా ఆపాలి. ఆ బటన్ ఇంట్లో ఎర్త్ అసలు లేకపోయినా పనిచేస్తుంది, దాంతో తెలిసేది ఆర్‌సీసీబీ కదులుతోందని మాత్రమే. మూడు లైట్ల ప్లగ్ టెస్టర్ కూడా అంతే, సాకెట్ వెనక ఎవరో ఎర్త్ పిన్నుకి న్యూట్రల్‌తో చిన్న ముక్క వైరు కలిపేసినా అన్నీ ఓకే అని చూపిస్తుంది. ఆ ముక్క వైరు వేసేవాళ్లని నేను క్షమించలేను, ఎందుకంటే న్యూట్రల్ ఎక్కడన్నా తెగిన రోజున ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ బాడీలన్నిటి మీదా కరెంటే.

పద్ధతిగా చేసిన టీఎన్-సీ-ఎస్‌లో కూడా వీధిలో ఆ కలిపిన కండక్టర్ తెగితే ఇదే ప్రమాదం, ఎర్త్‌కి కట్టిన లోహమంతా 230 వోల్టుల దగ్గరిదాకా వెళ్లొచ్చు, మామూలు ఆర్‌సీసీబీ దాన్ని కనిపెట్టలేదు. ఇంటి లోపల లోహపు పైపులన్నీ బాండింగ్ చేసి, అంటే వైర్లతో మెయిన్ ఎర్త్‌కి కలిపి ఉంటే అన్నీ ఒకే వోల్టేజీలో ఉంటాయి కాబట్టి కొంత నయం, బయట నేల మీద నిలబడి ఛార్జింగ్‌లో ఉన్న కారు డోర్ పట్టుకున్న మనిషికి ఆ రక్షణ ఉండదు. ఎలక్ట్రిక్ కార్ ఛార్జర్ బిగించడానికి వచ్చినవాళ్లు మీ ఇంటి ఎర్తింగ్ ఏ రకమో అడగకపోతే పని మొదలెట్టనివ్వకండి, అడిగి తేల్చాక ఏ రకమో, ఎన్ని ఓమ్‌లు వచ్చిందో, ఏ తేదీన కొలిచారో బోర్డు తలుపు లోపల రాయించుకోండి.