ఫెర్రెట్ పెంచడం ‘చాలా ఈజీ’ అట!

అమెరికాలోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. ‘అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారా? కుక్కను తిప్పే తీరిక లేదా? ఫెర్రెట్ తెచ్చుకోండి’ అని మొదలవుతుంది. ఫెర్రెట్ అంటే సన్నగా, పొడుగ్గా, చూడ్డానికి ముంగిసలా ఉండే చిన్న పెంపుడు జంతువు. రోజుకు 18 గంటలు పడుకుంటుంది కాబట్టి బోనులో పెట్టి ఆఫీసుకు పోవచ్చట. మనం తినేదే పెట్టొచ్చట. గ్రంథి తీయిస్తే వాసనే రాదట. గడప దాటదు కాబట్టి టీకాలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు దండగట. పైగా మన ముంగిస జాతే కాబట్టి ఎలుకలు, పాములు ఆ ఛాయలకు రావట. ఇది ఇండియాలోని చుట్టాల దాకా పాకి, ‘హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి’ అని ఎదురు ప్రశ్నలు వస్తున్నాయి.

మా ఇంట్లో రెండు ఫెర్రెట్లున్నాయి. అవంటే నాకు ప్రాణం. ఆ మెసేజ్ చదివితే ఒళ్లు మండేది కూడా అందుకే.

ముందు ఆ ముంగిస సంగతి తేల్చేద్దాం. ఫెర్రెట్ నీటికుక్కల (ఆటర్ల) కుటుంబానికి చెందింది. ముంగిసది వేరే కుటుంబం. మాంసాహార జంతువుల్లో ముంగిస పిల్లుల వైపు పోతే, ఫెర్రెట్ కుక్కల వైపు వస్తుంది. యూరప్‌లోని పోల్‌క్యాట్ అనే జంతువును రెండు వేల ఏళ్లకు పైగా మచ్చిక చేసి పెంచగా వచ్చింది ఇది. కలుగుల్లో దూరి కుందేళ్లను బయటికి తరమడం దాని పని. పాములతో దానికేం సంబంధం? ఎలుక కనబడితే వెంటపడుతుంది, నిజమే. కానీ ఎలుకల కోసం దీన్ని తెచ్చుకుంటే ముందు ఇల్లంతా కన్నాలు పూడ్చుకోవాలి, లేకపోతే ఎలుక కన్నంలోంచి ఇదే బయటికి పోతుంది. పోతే ఏమవుతుందో న్యూజిలాండ్ వాళ్లను అడగాలి. 1880ల్లో కుందేళ్ల బెడదకు మందుగా ఫెర్రెట్లను దింపి వదిలారు. అవి ఎగరలేని పక్షుల మీద పడ్డాయి. చివరికి 2002లో వాటిని అమ్మడం, పిల్లలు పెట్టించడం నిషేధించారు. ఇక నిజం ముంగిసనే తెచ్చుకుందామనుకునేవాళ్లకు ఒక మాట: అది 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. ఇంట్లో పెట్టుకుంటే కేసు అవుతుంది.

‘18 గంటలు నిద్ర’ అన్నది అబద్ధం కాదు. 14 నుంచి 18 గంటల దాకా పడుకుంటాయి, అదీ మామూలు నిద్ర కాదు. చేత్తో ఎత్తినా తలకాయ వేలాడేసి పడుకుంటే, మొదటిసారి చూసినవాళ్లు చచ్చిపోయిందేమో అనుకుంటారు. మెసేజ్ మింగేసింది మిగతా గంటల సంగతి. లేచిందంటే నడుము విల్లులా వంచి, నోరు తెరిచి, పక్కకి పక్కకి గెంతుతూ, గొంతులో ‘డుక్ డుక్’ మని చప్పుడు చేస్తూ సోఫాకు ఢీకొని, దులుపుకుని మళ్లీ గెంతుతుంది. అది కోపం కాదు, మూర్ఛ కాదు, పట్టరాని సంతోషం. ఆ సంతోషానికి రోజూ కనీసం మూడు నాలుగు గంటలు బోను బయట చోటు కావాలి, మనిషి కళ్లు దాని మీద ఉండాలి. ఎందుకంటే దానికి రబ్బరు పిచ్చి. రిమోట్ బటన్లు, చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్ మెత్తలు, హవాయి చెప్పుల అంచులు కొరికి మింగేస్తుంది. అవి పేగులో అడ్డుపడితే ఆపరేషన్ తప్ప దారి లేదు. వెనక్కి వాలే రిక్లైనర్ కుర్చీల లోపలికి దూరి నిద్రపోతుంది. ఎవరో వచ్చి ధబాల్న కూర్చుని మీట లాగితే అంతే సంగతులు. ఫెర్రెట్ ఉన్న ఇంట్లో రిక్లైనర్ ఉండకూడదు. బేరం లేదు.

ఇప్పుడు తిండి. ‘మనం తినేదే’ అన్న ఒక్క ముక్క మీదే నాకు ఆ మెసేజ్ రాసినవాళ్లతో అసలు తగవు. ఫెర్రెట్ పూర్తి మాంసాహారి. పేగు చాలా పొట్టి. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికొచ్చేస్తుంది. పీచును పులియబెట్టుకునే ఏర్పాటే దాని కడుపులో లేదు. అందుకే జంతు మాంసకృత్తులు, కొవ్వు ఎక్కువగా ఉన్న తిండి రోజంతా కొద్దికొద్దిగా తింటూ ఉండాలి. పెరుగన్నం, అరటిపండు, మేరీ బిస్కెట్ పెడితే తినదని కాదు. ఇష్టంగా నాకుతుంది, మనం మురిసిపోయి ఇంకాస్త పెడతాం. వయసు మీద పడ్డ ఫెర్రెట్లకు ఇన్సులినోమా అనే జబ్బు తరచూ వస్తుంది: క్లోమంలో గడ్డలు లేచి, ఇన్సులిన్ హద్దు మీరి, రక్తంలో చక్కెర పడిపోతుంది. వెనక కాళ్లు ఈడుస్తుంది, శూన్యంలోకి చూస్తూ నిలబడిపోతుంది, చొంగ కారుస్తూ ముందు కాళ్లతో మూతి గీరుకుంటుంది. పిండి, తీపి ఎక్కువైన తిండికీ ఈ జబ్బుకూ లంకె ఉందని వెట్లు (పశువైద్యులు) అనుమానిస్తారు. వంటింట్లోకి మాంసం రానివ్వని ఇల్లయితే దయచేసి కుందేలును పెంచుకోండి, అది ఆకులు తిని హాయిగా బతుకుతుంది.

వాసన గురించి రెండే మాటలు. తోక కింది గ్రంథులు తీసేస్తే, భయపడ్డప్పుడు గుప్పుమనే కంపు పోతుంది. ఒంటి చర్మం నుంచి నిత్యం వచ్చే కస్తూరి లాంటి వాసన పోదు. వైద్య అవసరం లేకుండా ఆ గ్రంథులు తీయడాన్ని బ్రిటన్‌లో ఒప్పుకోరు కూడా. సబ్బు పెట్టి తరచూ రుద్దితే చర్మం ఎండి, ఇంకా ఎక్కువ నూనె ఊరి, వాసన పెరుగుతుంది. ఉతకాల్సింది దాన్ని కాదు, అది పడుకునే గుడ్డల్ని.

‘ఆపరేషన్ దండగ, ఒక్కటే ఉంటే పిల్లలెలా పుడతాయి’ అన్న వాదన వింటే బాగానే ఉంటుంది. ఆడ ఫెర్రెట్ విషయంలో అది మరణశిక్ష. పగటిపూట పెరిగే వసంతంలో అది ఎదకు వస్తుంది. మగదానితో జతకడితే తప్ప అండం విడుదల కాదు, ఎద దిగదు. నెలల తరబడి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఒంట్లో ఎక్కువగానే ఉండిపోతుంది. అది ఎముక మూలుగును అణిచేస్తుంది. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, రక్తం గడ్డకట్టించే కణాలు అన్నీ పడిపోతాయి. చిగుళ్లు పాలిపోతాయి, చర్మం కింద రక్తపు మచ్చలు లేస్తాయి, చివరికి చచ్చిపోతుంది. అందుకే అండాశయాలు తీసే ఆపరేషనో, చర్మం కింద హార్మోన్ ఇంప్లాంటో తప్పనిసరి. అమెరికా షాపుల్లో అమ్మే ఫెర్రెట్ పిల్లలకు ఈ ఆపరేషన్ పసితనంలోనే చేసేసి ఉంటారు. దానితోనూ కథ తీరదు. అంత చిన్న వయసులో చేయడం వల్ల తర్వాత మూత్రపిండాల దగ్గరుండే అడ్రినల్ గ్రంథికి జబ్బు వస్తోందని చాలామంది వెట్లు అంటారు. తోక మీద బొచ్చు ఊడటంతో మొదలవుతుంది అది. హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయని అడిగేవాళ్లు అంతకంటే ముందు అడగాల్సింది, ఇవన్నీ తెలిసి చూడగల డాక్టర్ ఎక్కడున్నాడని.

టీకాల మాటా అంతే. కుక్కలకొచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు ఫెర్రెట్‌కు సోకితే దాదాపు బతకదు. వీధిలోంచి మన చెప్పులకంటుకుని కూడా ఆ వైరస్ ఇంట్లోకి రాగలదు కాబట్టి ‘గడప దాటదు’ అన్నది సమాధానం కాదు. ఆ టీకా కూడా ఫెర్రెట్లకు పనికొచ్చేదే వేయించాలి, కుక్కల టీకాల్లో కొన్ని దీనికి ఆ జబ్బునే తెచ్చిపెడతాయి. రేబీస్ టీకాకు అమెరికాలో 1990లోనే ఆమోదం వచ్చింది. మన నుంచి దానికి అంటుకునేది ఫ్లూ. 1933లో లండన్ శాస్త్రవేత్తలు మనిషి ఫ్లూ వైరస్‌ను మొదటిసారి పట్టుకున్నది ఫెర్రెట్లకు అంటించే. ఇంట్లో ఎవరికి ఫ్లూ వచ్చినా వాళ్లు దాన్ని ఎత్తుకోకూడదు.

ఆ మెసేజ్‌లో అసలు లేనిది ఎండ. దాని ఒంటికి చెమట పట్టదు. 27 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది, 30 దాటితే వడదెబ్బ భయం. మే నెలలో విజయవాడ, రామగుండం ఎండలు తలుచుకోండి. కరెంటు పోయి ఏసీ ఆగిన మధ్యాహ్నం ఫ్యాన్ పెడితే చల్లబడదు, చెమట లేని ఒంటికి గాలి తగిలి ఏం లాభం?

మెసేజ్‌లో లేని ఇంకో సంగతి చట్టం. కాలిఫోర్నియాలో 1933 నుంచి ఫెర్రెట్లను పెంపుడు జంతువులుగా ఉంచుకోవడం నిషిద్ధం. హవాయిలోనూ అంతే. న్యూయార్క్ రాష్ట్రంలో పర్వాలేదు గానీ న్యూయార్క్ నగరంలో కుదరదు. 2015లో అక్కడి ఆరోగ్య బోర్డు నిషేధం ఎత్తేసే ప్రతిపాదన మీద ఓటింగ్ పెడితే, అది వీగిపోయింది. టెక్సాస్‌లో నిక్షేపంగా పెంచుకోవచ్చు. కానీ మనవాళ్ల ఉద్యోగాలు ఒక చోట నిలుస్తాయా? ఫెర్రెట్ ఆరేడేళ్లు బతుకుతుంది. డాలస్‌లో కొన్నది మూడో ఏట ఉండగా కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఆఫర్ వస్తే, సామానుతో పాటు దాన్ని ట్రక్కులో ఎక్కించడం కుదరదు. ఎక్కించి పట్టుబడితే దాన్ని తీసేసుకుంటారు. శాన్ హోసే ఉన్న ఆ బే ఏరియాకు మారే ఆలోచన ఏ మూలన ఉన్నా ఫెర్రెట్లు అమ్మే షాపు మెట్లు ఎక్కకండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే మీ ఊళ్లోని ఫెర్రెట్ షెల్టర్‌కు ఫోన్ చేయండి. అక్కడా చోటు కోసం వరుస ఉంటుంది.