ఆదివారాన్ని ప్లాటుకు రాసివ్వకండి

ఆదివారం ఉదయం తొమ్మిది దాటాక మద్దిలపాలెం నుంచి హనుమంతవాక మీదుగా ఆనందపురం వైపు సాగే కార్లను చూస్తే, వాటిలో విహారానికి బయలుదేరినవి ఏవో, స్థలం చూడటానికి బయలుదేరినవి ఏవో గుర్తుపట్టడం కష్టం. రెండింటిలోనూ ముందు సీట్లలో భార్యాభర్తలు, వెనక పిల్లలు, కాళ్ల దగ్గర మంచినీళ్ల సీసాలు కనిపిస్తాయి. తేడా ఆ తర్వాత తెలుస్తుంది. భీమిలి వైపు తిరిగిన కారు సముద్రం ఎదుట ఆగుతుంది. రెండో కారు ఎర్రకంకర పరిచిన వెంచర్‌లో, రంగుజెండాల మధ్య, షామియానా పక్కన ఆగుతుంది. అక్కడ మజ్జిగ గ్లాసు చేతికిస్తారు, లేఅవుట్ కాగితం బల్ల మీద పరుస్తారు, అమ్ముడైన ప్లాట్ల మీద ఎర్రచుక్కలు చూపిస్తారు, తూర్పు ముఖం ప్లాట్లు నాలుగే మిగిలాయని చెబుతారు. మధ్యాహ్నం బిరియానీ పొట్లం తిని, టోకెన్ అడ్వాన్సు ఎక్కడి నుంచి తేవాలో మాట్లాడుకుంటూ ఇల్లు చేరేసరికి పొద్దువాలుతుంది. నీడ లేని ఆ కంకరలో సరిహద్దు రాళ్లు ఎక్కి దిగుతూ ఆడుకున్న పిల్లలకు ఆ వారం సెలవు అక్కడితో సరి.

అదనపు ఆదాయం కావాలన్న కోరికా, వారాంతంలో నగరం దాటి నాలుగు కొండలు చూసి రావాలన్న కోరికా న్యాయమైనవే. ఆ రెండింటినీ ఒకే కారులో ఎక్కించి ఒకే వెంచర్‌కు తీసుకుపోవడం వల్లనే విశాఖ మధ్యతరగతి ఇటు ఆదాయాన్నీ అటు సెలవునూ పోగొట్టుకుంటోందని నా వాదన. పొదుపు చేసిన డబ్బు మనం వెళ్లి చూసుకోనవసరం లేని చోట ఉండాలి. సెలవు మనం కొనుక్కోనవసరం లేని చోట గడవాలి.

రెండో ఆదాయం ఎందుకన్న ప్రశ్నకు ఈ నగరంలో పెద్ద వివరణ అక్కరలేదు. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారం నుంచి పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం నిర్ణయించిన తర్వాత, జీతాలు విడతలుగా అందిన నెలలను కూడా ఉక్కునగరం కుటుంబాలు చూశాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ వచ్చినా ఆ భయం పోలేదు. పాతికేళ్ల సర్వీసున్న ఉద్యోగి ఇల్లే ఇలా ఉంటే, మధురవాడ ఐటీ కొండ మీద కాంట్రాక్టు ఉద్యోగం చేసే యువకుడి సంగతి చెప్పేదేముంది? ఒకే జీతం మీద నిలిచిన ఇల్లు ఒంటి స్తంభం మేడే.

అయితే ఈ భయానికి నగరం కనిపెట్టిన మందు ఒక్కటే, గజాలు. భోగాపురం విమానాశ్రయం, రైల్వే జోన్, డేటా సెంటర్ అన్న మూడు మాటలు బ్రోచర్ మీద ఉంటే చాలు, పద్మనాభం మొదలుకొని కొత్తవలస దాకా ప్రతి మామిడితోటా రేపటి మహానగరమైపోతుంది. ఆ మాటలను పక్కనపెట్టి ఒకసారి కాగితం మీద లెక్క వేద్దాం. గజం 15 వేల చొప్పున 167 గజాల ప్లాటు 25 లక్షలు అనుకోండి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం, అంటే మరో 1.87 లక్షలు. చేతిలో పది లక్షలుంటే మిగతా 15 లక్షలకు పదేళ్ల అప్పు, పది శాతం వడ్డీకి తీసుకుంటే నెలకు దాదాపు 19,800 రూపాయల వాయిదా. పదేళ్లు తిరిగేసరికి జేబులోంచి పోయింది దాదాపు 35.7 లక్షలు, ఆ పదేళ్లలో ప్లాటు ఇచ్చిన అద్దె సున్నా.

అసలు లెక్క అక్కడితో ముగియదు. ముందుగా పెట్టిన ఆ దాదాపు 12 లక్షలను, నెలనెలా కట్టిన ఆ వాయిదాను సాధారణమైన మార్గాల్లో పెట్టి, ఏడాదికి 8 శాతం మాత్రమే రాబడి వచ్చిందనుకున్నా పదేళ్లకు చేతికందేది సుమారు 62 లక్షలు. అంటే 25 లక్షల ప్లాటు 62 లక్షలు పలికితే మనం బయలుదేరిన చోటే ఉన్నట్టు. గజం 15 వేల నుంచి 37 వేలకు చేరితే గాని ఒక్క రూపాయి అదనపు ఆదాయం లేనట్టు. రెట్టింపు ధరకు అమ్మానని పెళ్లిళ్లలో చెప్పుకొనే పెద్దమనిషి నిజానికి నష్టానికి అమ్మాడు. ఈ మాట ఆయన ముఖం మీద చెప్పేవారు లేకపోవడమే ఈ వ్యాపారానికి పెట్టుబడి.

ఇది కాగితాలన్నీ సవ్యంగా ఉన్న ప్లాటు సంగతి. మా బావగారు కొన్నేళ్ల కిందట ప్రీ లాంచ్ ధర అన్నారని ఒక వెంచర్‌లో వాయిదాల మీద స్థలం తీసుకున్నారు. డబ్బంతా కట్టి రిజిస్ట్రేషన్‌కు వెళ్లిన రోజున ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందని తేలింది. అసలు తిరిగి రావడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ ఆయన ఆదివారాలు ఆ సంస్థ కార్యాలయం మెట్ల మీదే గడిచాయి; సంచిలో లింకు డాక్యుమెంట్లు, ఈసీ (భూమిపై లావాదేవీలు చూపే పత్రం), రసీదుల కట్ట తప్ప ఆయన చేతిలో ఇంకేమీ చూసిన గుర్తు మా మేనకోడలికి లేదు. స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం మూడో సెక్షన్ ప్రకారం, ఆ చట్టం వర్తించే వెంచర్‌కు నమోదు కాకముందు ప్రకటన ఇవ్వడమే నేరం, అడ్వాన్సు తీసుకోవడం సంగతి అటుంచి. ఆ లెక్కన నమోదుకు ముందు పెట్టే ప్రీ లాంచ్ ఆఫర్ అన్న మాటే చట్టవిరుద్ధం. అయినా ఆ మాట మన ఫోన్లకు ఇప్పటికీ సందేశమై వస్తూనే ఉంటుంది.

భూమిని నమ్ముకున్నవాడు చెడిపోడని పెద్దలు అంటారు కదా, మధురవాడలో ఇరవై ఏళ్ల కిందట కొన్నవారు ఇవాళ ఎక్కడున్నారో చూడండి అని వాదించేవారున్నారు. నిజమే, అలా బాగుపడ్డవారు ఉన్నారు. సొంతంగా ఉండటానికి ఒక ఇల్లో స్థలమో కొనుక్కోవద్దని నేనూ అనను. కానీ పెద్దలు చెప్పిన భూమి పంట పండిన భూమి, ఏటా గాదె నింపిన భూమి. రాళ్లు పాతి వదిలేసిన 167 గజాలకు ఆ సామెత వర్తించదు. అమ్మాయి ఫీజుకు లక్ష కావలసి వస్తే అందులోంచి ఏడు గజాలు కోసి అమ్మలేం.

గజాల మీద నమ్మకం పోయిన కుర్రవాళ్లు ఇంకో గోతిలో పడుతున్నారు. షేర్ల ధర పెరుగుతుందో తగ్గుతుందో పందెం కాసే ఆప్షన్లను ఫోన్‌లో కొని అమ్మి నెలకో జీతం సంపాదించవచ్చని నమ్ముతున్నారు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించిన అధ్యయనం ప్రకారం మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్ల విభాగంలోకి దిగిన వ్యక్తిగత మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. దీనిపై ఇంకేం రాయాలి?

నేను చెప్పే మార్గంలో ఉత్సాహపరిచేది ఏదీ లేదు. దాని బలమే అది. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉంచుకున్న తర్వాత, మిగిలినదాన్ని కొంత ప్రభుత్వ భవిష్య నిధి పీపీఎఫ్‌లో, కొంత నిఫ్టీ లాంటి షేర్ల సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా సిప్ వాయిదాగా పెట్టి మరిచిపోవడం. పీపీఎఫ్ వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం. ఏటా ఏప్రిల్ 5 లోపు 60 వేలు కట్టుకుంటూ పోతే, ఆ రేటే కొనసాగితే, పదిహేనేళ్లకు 9 లక్షల అసలు మీద చేతికి వచ్చేది సుమారు 16.27 లక్షలు, పన్ను లేకుండా. ఇండెక్స్ ఫండ్ పడుతుంది కూడా, ఆ సంగతి దాచనవసరం లేదు. 2020 మార్చిలో నిఫ్టీ 7,610 దగ్గర ముగిసిన రోజు చాలామందికి నిద్రపట్టలేదు. అయినా 2021 జనవరి మొదటి రోజునే అది 14,000 పైన ముగిసింది. ఆ తొమ్మిది నెలలు ఏమీ చేయకుండా కూర్చున్నవాడే గెలిచాడు. ఈక్విటీ ఫండ్లలో దీర్ఘకాలిక లాభం ఏడాదికి 1.25 లక్షల వరకు పన్ను పరిధిలోకి రాదు కాబట్టి, కావలసినప్పుడు కావలసినంతే తీసుకునే వెసులుబాటూ ఉంది.

మరో ఉదాహరణ పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకం. వడ్డీ 2023 ఏప్రిల్ నుంచి 7.4 శాతం. భార్యాభర్తలు ఉమ్మడి ఖాతాలో గరిష్ఠ పరిమితి 15 లక్షలు వేస్తే నెలకు 9,250 రూపాయలు జమ అవుతాయి, అసలు ఐదేళ్ల తర్వాత యథాతథంగా తిరిగి వస్తుంది. ఆ వడ్డీపై పన్ను ఉంటుంది, అది వేరే మాట. ప్లాటు మీద అప్పు తీసుకున్న దంపతులకు ప్రతి నెలా 19,800 పోతుంటే, ఈ దంపతులకు 9,250 వస్తోంది. మొదటివారికి శనివారం రాత్రి ఎక్కడికైనా వెళ్దామన్న మాట ఎత్తడానికే జంకు. రెండోవారికి ఆ డబ్బు దేనికో ముందే తెలుసు.

అది అరకు రైలుకు. తెల్లవారగానే విశాఖ స్టేషన్‌లో కిరండూల్ బండి ఎక్కి, కొత్తవలస దాటి శృంగవరపుకోట వచ్చేసరికి కొండలు మొదలవుతాయి. 1960లలో ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి వేసిన పట్టాలివి. ఆ ఖనిజపు దారే ఈ నగరానికి వేడుక దారి అయింది. ఒక్కో సొరంగంలోకి బండి దూరగానే పెట్టె అంతా చీకటై పిల్లలందరూ ఒక్కసారిగా కేకవేస్తారు, వెలుగులోకి రాగానే నవ్వులు, ఇలా పదులసార్లు. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా ఉంది, అయినా తలుపు దగ్గర ఒరుసుకుపోయే గాలి కావాలంటే మామూలు పెట్టే నయం. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడలో దిగి చూస్తే చొక్కా చేతులు కిందికి లాక్కోవలసినంత చలి. ఆ రోజు ఎవరూ మీకు తూర్పు ముఖం గురించి చెప్పరు.

కానీ చెప్పేవారు అక్కడికీ చేరుతున్నారు, నాకు అసలు కలవరం కలిగించేది ఇదే. అనంతగిరి మలుపుల్లో, లంబసింగి మంచులో, వంజంగి మేఘాల కింద నిలబడ్డ నగరవాసికి కాసేపటికి పుట్టే కోరిక, ఇక్కడ ఒక అరెకరం ఉంటే ఎంత బాగుండునని. చూసి రావలసిన చోటును కొనాలనిపించడం మనకు ఎంత అలవాటైపోయిందంటే, ఆ కోరికలో తప్పుందని కూడా తోచదు. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్ల గాలీ నీరూ చెక్కిన అరుదైన భౌగోళిక వారసత్వం. వాటిని కూడా యంత్రాలతో చదును చేయబోతే 2024 జూలైలో ప్రజలు గొంతెత్తాక ఆ పని ఆగింది. అక్కడ సాయంత్రం గడపడానికి వచ్చిన మనిషి, అక్కడ ప్లాటు కొనే మనిషి ఒకే మనిషి కావచ్చు. రెండో పని మొదటిదాన్ని తినేస్తుందని అతనికి చెప్పాలి.

మన్యంలో ఈ కోరికకు చట్టం అడ్డు నిలిచింది. 1970 నాటి ఒకటో నిబంధన, జనం నోట 1/70, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనులకూ వారి సహకార సంఘాలకూ తప్ప ఎవరికీ బదిలీ కాకూడదని చెప్పింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు సమత తీర్పులో, ప్రభుత్వం సైతం అక్కడి భూమిని గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వరాదని తేల్చింది. ఆ కేసు పుట్టింది బొర్రా గుహలున్న అనంతగిరి మండలంలోని గనుల లీజుల నుంచే. ఏటా మనం టికెట్ తీసుకుని చూసే ఆ గుహల చుట్టుపక్కల కొండలు క్వారీలు కాకుండా మిగలడంలో ఆ తీర్పు పాత్ర చాలా పెద్దది. ఇవాళ ఆ ప్రాంతంలోనే లీజు రిసార్టు, కాఫీ తోటలో వాటా, గిరిజనుడి పేరు మీద మన స్థలం అంటూ ఎవరైనా చెబితే, అది పెట్టుబడి కాదు, బినామీ. పట్టుబడితే డబ్బు పోతుంది, పట్టుబడకపోతే ఒక గిరిజన కుటుంబం తన కొండ మీదే కూలీ అవుతుంది. వ్యూపాయింట్ల దగ్గర ఫొటోలకు పెట్టిన పెద్ద అక్షరాల బోర్డుల పక్కనే 1/70 సారాంశాన్ని కూడా తెలుగులో రాసి పెట్టాలని పర్యాటక శాఖను నేను అడుగుతున్నాను.

కొండ మీద ఖర్చు పెట్టదలచుకున్న డబ్బుకు వేరే దారులున్నాయి. 2019లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీ గింజలు, సంతలో మిరియాలు, పాడేరు పసుపు, రాజ్మా గింజలు అక్కడే కొనవచ్చు. గిరిజన కుటుంబం నడిపే బసలో రాత్రి గడపవచ్చు. అనంతగిరి దాటాక రోడ్డు పక్కన ఒక పొయ్యి దగ్గర మేం ప్రతిసారీ ఆగుతాం. ఉప్పూకారం పట్టించిన కోడిమాంసాన్ని నూనె చుక్క లేకుండా పచ్చి వెదురుబొంగులో కూరి, మూతికి ఆకు బిగించి నిప్పుల మీద తిప్పుతూ ఉంటుంది ఒక ఇల్లాలు. బొంగు నల్లబడ్డాక కత్తితో నిలువునా చీలుస్తుంది. పొగలు కక్కే ముక్కలు అడ్డాకు విస్తరిలో పడతాయి. మేం ఇచ్చిన డబ్బు కొంగున ముడివేసుకుంటుంది. ఆ పొయ్యి ఉన్న నేల ఇంకా వాళ్ల పేరనే ఉంది గనుక, ఆ డబ్బులో ఎవరికీ అద్దె కట్టవలసిన పని ఆమెకు లేదు.