సలహా ఎవర్ని అడిగామో అక్కడే సగం తేలిపోద్ది

మా అక్క కొడుకు ఇంటర్ బైపీసీ అయిపోయి నీట్‌లో ర్యాంకు రాక ఇంట్లో కూర్చోనున్నాడు. వాళ్ళ నాయనేమో ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ అంటాడు, వీడికి ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ మీద మనసు. ఇందుకూరుపేట పక్క మా బావకి రొయ్యల గుంటలున్నయ్, వైట్ స్పాట్ రోగం తగిలి వరసగా రెండు పంటలు పోయినయ్, అందుకే కొడుకుని గుంట గట్టు కూడా తొక్కనీడు. మొన్న వాడు నా దగ్గరకొచ్చి "నువ్వే చెప్పు మామా, ఏం చేయమంటావ్" అన్నాడు.

సరిగ్గా ఇట్టాంటి కథే 1945 అక్టోబర్‌లో ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ పారిస్‌లో ఒక ఉపన్యాసంలో చెప్పాడు. యుద్ధం టైంలో ఒక స్టూడెంట్ ఆయన దగ్గరకొచ్చాడంట, అన్నని 1940లో జర్మన్లు చంపేశారు, పగ తీర్చుకోడానికి ఇంగ్లండ్ పోయి సైన్యంలో చేరాలనుంది, కానీ తల్లికి వీడు తప్ప ఇంకెవరూ లేరు, పోవాలా ఉండాలా? సార్త్ర్ "నువ్వు స్వేచ్ఛగా ఉన్నావ్, ఎంచుకో" అని పంపించేశాడు. ఇదేం సలహా అని మనకి ఒళ్ళు మండుద్ది. కానీ ఆయన ఇంకో మాట కూడా అన్నాడు, సలహాకి ఎవరి దగ్గరకి పోవాలో ఎంచుకున్నప్పుడే ఎట్టాంటి సలహా వస్తదో మనకి కాస్తో కూస్తో తెలుసని. మావాడికి కందుకూరులో ఇంకో మామ ఉన్నాడు, ఆయన్ని అడిగితే లాంగ్ టర్మే అంటాడు. వీడు ఆయనకి ఫోన్ కూడా చెయ్యలా.

ఆ ఉపన్యాసంలో ఆయన చెప్పిన అస్తిత్వవాదం మూల పాయింటు పెద్ద కష్టమైంది కాదు. కాగితాలు కోసే కత్తిని చేసేవాడికి అది దేనికో ముందే తెలుసు, మనిషికి అట్టాంటి ప్లాన్ ఏదీ లేదు, ముందు పుడతాడు, తర్వాత తను చేసే పనుల్తోనే ఏదో ఒకటి అవుతాడు. వినడానికి బాగుంటది గానీ భయం కూడా దాంట్లోనే ఉంది, తప్పు జరిగితే నెట్టేయడానికి ఎవరూ మిగలరు. అందుకే సార్త్ర్ స్వేచ్ఛని ఒక శిక్ష లాగా చెప్పాడు, అంతకు వందేళ్ళ ముందే 1844లో డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్ ఆందోళన అంటే స్వేచ్ఛ వల్ల కళ్ళు తిరగడం అన్నాడు.

మనోళ్ళు కళ్ళు తిరిగినప్పుడల్లా పట్టుకునే స్తంభం తలరాత. సార్త్ర్ దీన్ని ఆత్మవంచన కింద వేస్తాడు, అంటే ఎంచుకునే స్వేచ్ఛ మనకి లేదని మనకి మనమే అబద్ధం చెప్పుకోడం. తమాషా ఏందంటే, కోరికకో రొట్టె పట్టే నెల్లూరు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగినోళ్ళకి కూడా అంతా తలరాత మీదకి నెట్టే వీలు లేదు, విద్య రొట్టా, పెళ్ళి రొట్టా, ఉద్యోగం రొట్టా, ఏది కావాలో నోరు తెరిచి అడగాల్సిందే. ఇచ్చేది పైవాడైనా కోరిక మాత్రం మనదే. పోయినేడు మావాడి పేరు మీద అక్కే విద్య రొట్టె పట్టింది, వీడు మాట్లాడకుండా తిన్నాడు.

అట్టాగని అందర్నీ పట్టుకోని "నువ్వు స్వేచ్ఛాజీవివి" అంటే నాకు ఒప్పుదల కాదు. పదిహేడేళ్ళకే పెళ్ళి చేసేసిన మా అక్కని ఎవరడిగారు? రొయ్య రేటు బావ చేతిలో ఉందా? ఇక్కడ నాకు సార్త్ర్ కంటే ఆయన తోటి ఫ్రెంచ్ తత్వవేత్త సిమోన్ ద బోవా నచ్చుద్ది. వేరే దారి ఒకటుందని కూడా తెలీకుండా పెంచినోళ్ళని నిందించలేం అని 1947లోనే రాసింది, 1949లో అదే ఆలోచన ఆడోళ్ళ బతుకు మీద ఇంకా వివరంగా పెట్టింది. కాకపోతే దారి కనపడ్డాక కూడా కదలకపోతే అది మాత్రం నీ లెక్కలోకే వస్తదని కూడా ఆమే అంటది. మావాడికి ముత్తుకూరు దారి కనపడింది, బస్సు టైమింగులతో సహా తెలుసు.

సరే అప్లికేషన్ పెడదామని నిన్న సాయంత్రం ఇద్దరం కూర్చున్నాం. అంతా నింపి సబ్మిట్ కొడితే ఓటీపీ వాళ్ళ నాయన ఫోన్‌కి పోయింది. వాడు నా మొహం చూశాడు, ఆ ఫోన్ నేను చేస్తానేమో అని. నేను టీ గ్లాసు తీసుకోని బయటికొచ్చి నిలబడ్డా.